ఏప్రిల్ ఎండల్లో ఆర్కిడ్లకు తేమ: బాల్కనీ మీటరు మధ్యాహ్నం 22 శాతం దాటడం లేదు

పడమటి బాల్కనీ:

నమస్కారమండీ. హైదరాబాద్‌లో ఏడో అంతస్తు, పడమర ముఖంగా ఉన్న బాల్కనీ. పన్నెండడుగుల పొడవు, నాలుగడుగుల వెడల్పు. ఆర్కిడ్లలో ఫెలనాప్సిస్ ఆరు, డెండ్రోబియం నాలుగు, చెక్కబుట్టల్లో వేలాడే వాండాలు రెండు, ఆన్సిడియం ఒకటి ఉన్నాయి. 50 శాతం షేడ్ నెట్ ఒక పొర కట్టి ఉంది.

డిజిటల్ తేమ మీటరు లెక్కలు ఇవి: మధ్యాహ్నం 3 గంటలకు 40 డిగ్రీలు, తేమ 22 శాతం. తెల్లవారుజామున 5 గంటలకు 27 డిగ్రీలు, 45 శాతం. ఏసీ నడిచే పడగ్గదిలో 25 డిగ్రీలు, 46 శాతం.

ఆర్కిడ్లకు 60 నుంచి 70 శాతం ఉండాలని ఎక్కడ చూసినా రాసి ఉంటుంది. అందుకని రోజుకు నాలుగుసార్లు స్ప్రే చేస్తున్నాను. కుండీల కింద గులకరాళ్ళ ట్రేలు పెట్టాను. మూడు లీటర్ల అల్ట్రాసోనిక్ హ్యూమిడిఫైయర్ బాల్కనీలోనే నడుస్తోంది. మీటరు మాత్రం కదలదు. ఫెలనాప్సిస్ ఆకులు మెత్తబడి నిలువు ముడతలు పడుతున్నాయి. రెండింటికి మొగ్గలు పసుపెక్కి రాలిపోయాయి, ఒకదానికి మొవ్వు నల్లబడింది. ఆన్సిడియం కొత్త ఆకు విసనకర్రలా మడతలు మడతలుగా వస్తోంది. వాండా వేర్ల కొసలు మూసుకుపోయాయి.

ఇంకా పెద్ద హ్యూమిడిఫైయర్ కొనాలా? ఏం చేయమంటారు?

వెలమెన్:

పెద్దది కొనకండి. తెరిచి ఉన్న బాల్కనీలో ఎంత పెద్దది పెట్టినా ఆ పొగ వీధిలోకే పోతుంది. నాలుగు వైపులా మూసిన చోటే అది పనిచేస్తుంది.

ముందు మీ మీటరు ఏం చెబుతోందో చూద్దాం. 40 డిగ్రీల దగ్గర 22 శాతం, 27 డిగ్రీల దగ్గర 45 శాతం. ఈ రెండు గాలుల్లోనూ ఉన్న నీటి ఆవిరి దాదాపు ఒక్కటే. రాత్రి గాలిలోకి కొత్తగా నీరేమీ రాలేదు, గాలి చల్లబడింది, అంతే. అదే గాలిని ఏసీ 25 డిగ్రీలకు దించితే 50 దాకా వెళ్ళాలి. ఏసీ కొంత నీటిని పైపులోంచి బయటికి పంపేస్తుంది కాబట్టి మీకు 46 కనిపిస్తోంది. ఏసీ గది ఆర్కిడ్లకు ఎండుగాలి అని అందరూ భయపడతారు కానీ, ఏప్రిల్‌లో మన ఊళ్ళో మధ్యాహ్నపు బాల్కనీకంటే ఆ గదే మొక్కకు సుఖం.

శాతం ఒక్కటే చూస్తే మోసపోతాం. 38 డిగ్రీల దగ్గర 40 శాతం తేమ ఉన్న గాలి, ఘనమీటరుకు ఇంకా దాదాపు 28 గ్రాముల నీటిని పీల్చుకోగలదు. 24 డిగ్రీల దగ్గర అదే 40 శాతం ఉన్న గాలి 13 గ్రాములే పీలుస్తుంది. మీటరు మీద అంకె ఒకటే, ఆకు మీద లాగుడు రెట్టింపు. అందుకే మన ఎండల్లో తేమ పెంచడం కంటే వేడి తగ్గించడం సులువు, ఫలితమూ ఎక్కువ.

ఇక మొక్క సంగతి. ఫెలనాప్సిస్, వాండా లాంటి దళసరి ఆకుల ఆర్కిడ్లు పగలు ఆకురంధ్రాలు మూసుకుని రాత్రి తెరుస్తాయి. ఎండిన చెట్టుకొమ్మ మీద బతకడానికి అవి అలవాటు చేసుకున్న పద్ధతి అది. కాబట్టి మధ్యాహ్నం 3 గంటల 22 శాతం చూసి కంగారు పడనక్కర్లేదు, రాత్రి 10 నుంచి తెల్లవారు 5 వరకు ఎంత ఉందో రాసుకోండి. ఆ వేళ 45 నుంచి 60 మధ్య ఉండి, వేర్లు బాగుంటే ఫెలనాప్సిస్ వేసవి దాటేస్తుంది. పల్చటి ఆకుల ఆన్సిడియం సంగతి వేరు, అది పగలే రంధ్రాలు తెరుస్తుంది. మీ దగ్గర పొడిగాలి దెబ్బ నేరుగా తగిలేది దానికే.

ఇప్పుడు అసలు అనుమానం. ఆకు మెత్తబడి నిలువు ముడత పడిందంటే పదిలో తొమ్మిదిసార్లు తప్పు గాలిది కాదు, వేరుది. వేరు కుళ్ళినా, వేరు ఎండినా ఆకు ఒకేలా కనిపిస్తుంది. అందుకే కుండీ విప్పకుండా ఎవరూ చెప్పలేరు. ఒక ఫెలనాప్సిస్‌ను బయటికి తీసి నడుమ భాగం చూడండి. నర్సరీ మొక్కలకు చాలావాటికి మధ్యలో చిన్న వల బుట్టలో అదిమి కుక్కిన స్ఫాగ్నం నాచు ముద్ద ఉంటుంది. పైన బెరడు ముక్కలు ఎండి కనిపిస్తాయి, లోపల ఆ ముద్ద వారం గడిచినా పిండితే నీళ్ళు కారేంత తడిగా ఉంటుంది. రోజుకు నాలుగుసార్లు స్ప్రే అన్నారు కదా, అందులో సగం అక్కడికే చేరుతుంది.

మొవ్వు నల్లబడింది కూడా స్ప్రే వల్లే అయ్యుంటుంది. ఆకులు కలిసే గుంటలో నీరు నిలిచి, రాత్రి ఆరకపోతే మొవ్వు కుళ్ళు వస్తుంది. నడి ఆకు పట్టుకుని మెల్లగా లాగితే ఊడి వచ్చేస్తే ఆ మొక్క ఇక పైకి పెరగదు. పారేయకండి. ఆ గుంటను టిష్యూతో ఆర్పి పొడిగా ఉంచండి, వేర్లు గట్టిగా ఉంటే పక్కనుంచి పిలక రావచ్చు.

స్ప్రే ఈ రోజే ఆపేయండి. కుండీ విప్పి చూశాక ఏం కనిపించిందో రాయండి.

గోనెపట్టా:

పై మాటలతో ఏకీభవిస్తాను. అయితే మీటరును నమ్మే ముందు దాన్ని ఒకసారి సరిచూడండి. మూడు నాలుగు వందలకు దొరికే మీటర్లు అయిదారు శాతం అటూ ఇటూ చూపించడం మామూలే.

సీసా మూతలో ఒక చెంచా ఉప్పు వేసి, చుక్క చుక్కగా నీళ్ళు పోసి ముద్దలా కలపండి. ఉప్పు కరిగిపోకూడదు, తడి ఇసుకలా ఉండాలి. ఆ మూతనూ మీటరునూ ఒకదానికొకటి తగలకుండా జిప్ కవరులో పెట్టి మూసేసి, గది నీడలో పన్నెండు గంటలు వదిలేయండి. లోపల తేమ 75 శాతం దగ్గర నిలుస్తుంది. మీటరు 70 చూపిస్తే, ఇకనుంచి అది చూపే ప్రతి అంకెకూ 5 కలుపుకోండి. తరవాత దాన్ని ఆకుల ఎత్తులో, నీడలో వేలాడదీయండి. గోడకు ఆనించినా, తడి ట్రే మీద పెట్టినా తప్పు లెక్క వస్తుంది.

ఇక బాల్కనీ. ఏడో అంతస్తులో మీ శత్రువు పడమటి వడగాలి. దాన్ని ఆపకుండా ఎన్ని నీళ్ళు చల్లినా దండగ. పడమర వైపు రెండో పొర షేడ్ నెట్ కట్టండి, మొదటి పొరకూ దీనికీ అరచెయ్యంత ఎడం ఉంచండి. రెండు పొరలూ అంటుకుని ఉంటే వేడి నేరుగా లోపలికి దిగుతుంది. నెట్ లోపలి వైపు పాత గోనె సంచులు విప్పి పరదాలా వేలాడదీసి, ఉదయం 10 గంటలకు ఒకసారి, మధ్యాహ్నం 1, 3 గంటలకు మళ్ళీ తడపండి. మన ఇళ్ళలో కిటికీలకు వట్టివేళ్ళ తడికలు కట్టి నీళ్ళు చల్లేవారే, అదే పని ఇది. దొరికితే వట్టివేళ్ళ తడికే కట్టండి, గోనెకంటే ఎక్కువసేపు తడి పట్టి ఉంచుతుంది. గాలి ఆ తడిలోంచి దూరి వస్తుంది కాబట్టి ఒకే దెబ్బకు వేడి తగ్గుతుంది, తేమ పెరుగుతుంది. నేల కూడా తడపండి, గచ్చు వేడి కింది నుంచి కుండీలను ఉడికిస్తుంది.

ఒక జాగ్రత్త. మధ్యాహ్నం డాబా ట్యాంకు నీళ్ళు వేర్లు ఉడికేంత వేడిగా ఉంటాయి. కుళాయి తిప్పి నేరుగా వాండా వేర్ల మీద పట్టకండి. ఉదయమే రెండు బకెట్లు పట్టి గదిలో పెట్టుకోండి.

గులకరాళ్ళ ట్రేల గురించి: ఒక కుండీ కింద ఒక ట్రే పెడితే, గాలి కదలని గదిలో ఆకుల దగ్గర కొద్ది శాతం పెరుగుతుంది. గాలి ఆడే బాల్కనీలో ఏమీ ఉండదు. పైగా మీరు డెంగీ దోమను పెంచుతున్నట్టు. ఆ దోమ ఇలాంటి నిలవ మంచినీళ్ళలోనే గుడ్లు పెడుతుంది. ఉంచాలనుకుంటే నీళ్ళ మట్టం రాళ్ళ పైఅంచుకు అర అంగుళం కిందే ఉండాలి, కుండీ అడుగు నీళ్ళకు తగలకూడదు, నాలుగు రోజులకొకసారి ట్రే బోర్లించి బ్రష్‌తో రుద్దాలి. నీళ్ళు పారబోస్తే చాలదు, గుడ్లు ట్రే గోడకు అంటుకుని ఉంటాయి.

పడమటి బాల్కనీ:

రెండు కుండీలు విప్పి చూశాను. వెలమెన్ గారు చెప్పినట్టే మధ్యలో నల్లటి వల బుట్ట, అందులో నాచు ముద్ద, పిండితే నీళ్ళు కారాయి. ఆ బుట్టలో వేర్లన్నీ గోధుమరంగు, వేలితో లాగితే పై తొడుగు ఊడొచ్చి దారం ఒకటి మిగులుతోంది. బయట బెరడులో ఉన్న వేర్లు నాలుగైదు గట్టిగా ఉన్నాయి. మిగతా కుండీలూ అంతేనేమో అనిపిస్తోంది. మీటరు ఉప్పు పరీక్షలో 71 చూపించింది.

నీళ్ళు బోరువి, టీడీఎస్ (నీటిలో కరిగిన ఉప్పుల లెక్క) 780. హ్యూమిడిఫైయర్‌లోనూ అవే పోస్తున్నాను. ఆకుల మీద తెల్లటి పొడి పేరుకుంటోంది, అది తెగులేమోనని అనుకుంటున్నాను.

వెలమెన్:

అది తెగులు కాదు, మీ బోరు నీళ్ళలోని సున్నం. అల్ట్రాసోనిక్ మిషను నీటిని ఆవిరి చేయదు, సన్నటి తుంపరగా కొడుతుంది. ఆ తుంపర ఆరిపోయాక అందులో కరిగిన ఉప్పులన్నీ ఆకు మీదే మిగులుతాయి. మెత్తటి గుడ్డ తడిపి, అందులో నాలుగు చుక్కల నిమ్మరసం వేసి తుడవండి. తరవాత మామూలు నీళ్ళతో మళ్ళీ తుడిచి, మొవ్వులోకి తడి జారకుండా చూడండి.

780 టీడీఎస్ నీళ్ళు ఆర్కిడ్లకు వద్దు. 200 లోపు ఉంటే మంచిది. ఆర్వో నుంచి వచ్చే మంచినీళ్ళలో బోరు నీళ్ళు కొద్దిగా కలిపి, టీడీఎస్ 200 దాటకుండా చూసుకోండి. ఆర్వో బయటికి వదిలే వృథా నీరు మాత్రం ఒక్క చుక్క పోయకండి, అందులో ఉప్పులు అసలు నీటికంటే ఎక్కువ. ఏసీ పైపు నుంచి కారే నీటిలో ఉప్పులు చాలా తక్కువ. గోనెలు తడపడానికి, ట్రేలకు అది బ్రహ్మాండంగా పనికొస్తుంది. వానాకాలంలో వాన నీటికి మించింది లేదు.

కుండీ మార్చే పని:

నాచు ముద్దను నీళ్ళలో నానబెట్టి వేళ్ళతో విప్పండి, వల బుట్టను కత్తిరించి తీసేయండి. మంట మీద కాల్చి చల్లార్చిన కత్తెరతో మెత్తటి వేర్లు, బోలు వేర్లు తీసేయండి. గట్టి వేరు రంగు మారి ఉన్నా ఉంచండి. చీకట్లో పెరిగిన వేరు పసుపుగా ఉంటుంది, అది చచ్చిన వేరు కాదు. కోసిన చోట దాల్చినచెక్క పొడి అద్దడం కొందరికి అలవాటు. అది తడిని లాగేస్తుంది, వేర్ల మీద వాడకండి. కార్బెండజిమ్, మాంకోజెబ్ కలిసిన పొడి లీటరుకు 2 గ్రాములు కలిపి పది నిమిషాలు ముంచితే చాలు. ఆ పని చేతి తొడుగులతో, ఇంట్లో గిన్నెలు వాడకుండా చేయండి. నీడలో రెండు మూడు గంటలు ఆరనిచ్చి అప్పుడు నాటండి.

హైదరాబాద్ పొడిగాలికి మిక్స్: 10 నుంచి 15 మిల్లీమీటర్ల పైన్ బెరడు అయిదు పాళ్ళు, శనగగింజ కంటే కాస్త పెద్ద బొగ్గు ముక్కలు రెండు పాళ్ళు, చిన్నగా కత్తిరించిన నాచు రెండు పాళ్ళు. నాచు మిక్స్ అంతటా కలిసిపోవాలి, ఎక్కడా ముద్దగా ఉండకూడదు. బెరడు దొరక్కపోతే కొబ్బరి డొక్క ముక్కలు వాడొచ్చు. కాకపోతే వాటిలో ఉప్పు ఎక్కువ. మూడు రోజులు నానబెట్టి, రోజూ నీళ్ళు మార్చి, ఆఖరి నీటి టీడీఎస్ పోసిన నీటి టీడీఎస్‌కు దగ్గరగా వచ్చాకే వాడాలి.

కుండీ వేర్లకు సరిపోయేంత చిన్నదిగా, పారదర్శకమైన ప్లాస్టిక్‌ది, నాలుగంగుళాలది చాలు. దాన్ని రెండంగుళాలు పెద్దదైన మట్టికుండీలో, అడుగున గులకరాళ్ళు వేసి దించండి. ఎండ వేళ మట్టికుండీ బయటి గోడను మాత్రం తడపండి. కుండలో నీళ్ళు ఎలా చల్లబడతాయో అలాగే లోపల వేర్లు చల్లగా ఉంటాయి, వాటి చుట్టూ గాలి కూడా కాస్త చెమ్మగా ఉంటుంది. మన వాతావరణంలో తేమ ఇచ్చే ఉపాయాల్లో నేను అన్నిటికంటే ముందు పెట్టేది ఇదే. కరెంటు అక్కర్లేదు, ఆకు తడవదు.

నీళ్ళు ఎప్పుడు పోయాలో వేరును చూస్తే తెలుస్తుంది. పారదర్శక కుండీ గోడకు ఆనుకున్న వేరును దగ్గరగా చూడండి. ఎండినప్పుడు వెండిరంగులో ఉంటుంది. ఒక్క చుక్క తగలగానే ఆ వెండి మీద పచ్చటి మచ్చ పడి, చూస్తుండగానే చుట్టూ పాకుతుంది. వేరు చుట్టూ ఉన్న తెల్లటి దూది లాంటి పొర నీళ్ళు తాగడం అది. కుండీ లోపలి గోడ మీద చెమ్మ చుక్కలు ఆరిపోయి, వేర్లు వెండిరంగుకు తిరిగాక మళ్ళీ పోయండి. ఏప్రిల్‌లో ఈ మిక్స్‌కు అది రెండు మూడు రోజులకొకసారి రావచ్చు, ఏసీ గదిలో అయిదారు రోజులు పట్టొచ్చు. పోసేటప్పుడు ఉదయమే, కుండీ అడుగు నుంచి ధారగా కారేంతగా పోయండి.

వేర్లు రెండో మూడో మిగిలిన మొక్కలకు మాత్రం నిజంగా గాలి తేమ కావాలి, ఎందుకంటే తాగే దారి లేదు. వాటికి కవరు వైద్యం చేయండి. పెద్ద పారదర్శక కవరు అడుగున, గట్టిగా పిండిన నాచు గుప్పెడు వేయండి. పిండితే చుక్క రాకూడదు. మొక్కను దాని మీద ఊరికే కూర్చోబెట్టి, కవరు మూతి ముడవండి. వెలుతురున్న నీడలో, 25 నుంచి 28 డిగ్రీల గదిలో ఉంచాలి. ఎండ తగిలితే గంటలో ఉడికిపోతుంది. రెండు రోజులకొకసారి పది నిమిషాలు తెరిచి, బూజు ఉందేమో చూడండి. ఆరు వారాల్లో కొత్త వేరు మొలిచి ఒకటిన్నర అంగుళం పెరిగితే, కవరు మూతిని రోజూ కొంచెం కొంచెం ఎక్కువ తెరుస్తూ వారం రోజులకు బయటికి తీయండి. ఒక్కసారిగా తీస్తే ఆకులు మళ్ళీ వాలిపోతాయి.

ఉప్పుగాలి:

విశాఖ నుంచి రాస్తున్నాను. ఇక్కడ మా గొడవ సరిగ్గా తలకిందులు, వేసవి రాత్రుల్లో కూడా 75, 80 శాతం ఉంటుంది. పైన చెప్పిన మిక్స్ మా దగ్గర వేస్తే నెలలో కుళ్ళిపోతుంది. మేము నాచు ఊసే ఎత్తం. బొగ్గు, ఇటుక ముక్కలు, పైన నాలుగు బెరడు ముక్కలు, అంతే. కోస్తాలో ఉండి ఈ చర్చ చదివేవాళ్ళు గోనెలు, ట్రేలు మొదలుపెట్టకండి. మీకు కావలసింది ఫ్యాను.

ఫ్యాను గురించి పడమటి బాల్కనీ గారికి కూడా చెప్పాలి. తేమ ఎంత పెంచితే గాలి అంత కదలాలి. 70 శాతం తేమ, కదలని గాలి కలిస్తే ఆకుల మీద నల్లమచ్చ, పూల రేకుల మీద సన్నటి గోధుమరంగు చుక్కలు రెండు రాత్రుల్లో వస్తాయి. ఆరంగుళాల క్లిప్ ఫ్యాను ఒకటి చాలు. మొక్కలకు ఎదురుగా కాదు, గోడకు కొట్టి తిరిగి వచ్చే గాలి తగలాలి. ఆకులు ఊగకూడదు, పూల కాడ కొస కొద్దిగా కదిలితే సరిపోయినట్టు.

వాండాలకు: వీటి వేర్ల చుట్టూ బెరడు, నాచు లాంటి మిక్స్ ఏదీ లేదు కాబట్టి గాలి తేమ, మీరు పట్టే నీళ్ళు, అంతే వాటి బతుకు. ఉదయం 6, 7 గంటల మధ్య బకెట్లో వేర్లు మాత్రమే మునిగేలా 15 నుంచి 20 నిమిషాలు ఉంచండి. వేరు మొత్తం పచ్చబడాలి, అక్కడక్కడ తెల్ల మచ్చలు మిగిలితే ఇంకా తాగలేదని అర్థం. కొమ్మ మొదలు, ఆకుల సందులు మునగకూడదు. పొడి ఎండల్లో సాయంత్రం 4 గంటలకు వేర్లకు మాత్రం మరోసారి స్ప్రే ఇవ్వండి, చీకటి పడేలోపు ఆరిపోవాలి. ఫెలనాప్సిస్‌కు స్ప్రే ఆపమన్నారు, సరే, వాండా వేర్లకు ఆపకండి. వేరు కొస పచ్చగా, మెరుస్తూ, గోరంత పొడవున ఉంటే పెరుగుతున్నట్టు. తెల్లపొర కొస దాకా కప్పేస్తే నిద్రపోయినట్టు. మీవి చావలేదు, తడి నిలకడగా దొరికితే మూడు నాలుగు వారాల్లో మళ్ళీ కొస తెరుచుకుంటుంది.

అన్నట్టు, మన తూర్పు కనుమల్లో వాండా టెస్సెల్లాటా చెట్ల కొమ్మల మీద ఇవే ఎండలకు నిలబడి బతుకుతోంది. మామిడి చెట్ల మీద కూడా కనిపిస్తుంది. పగటి వేడిని దళసరి ఆకుతో ఓర్చుకుని రాత్రి చల్లదనం మీద బతుకుతుంది. నర్సరీలో దొరికే పెద్దపూల సంకరాలకు అంత ఓర్పు లేదు. అడవి మొక్కను మాత్రం ఎవరూ పీకి తెచ్చుకోకండి, చెట్టు నుంచి ఊడదీసిన వేరు తిరిగి అంటుకోవడం చాలా కష్టం.

గోనెపట్టా:

ఎయిర్ కూలర్ సంగతి ఎవరూ రాయలేదు. హాల్లో కూలర్ ఉన్నవాళ్ళకు వేరే హ్యూమిడిఫైయర్ అక్కర్లేదు. పొడిగాలి తడి గడ్డిలోంచి వచ్చేసరికి చల్లబడి, తేమ కూడా పడుతుంది. 22 శాతం నుంచి 50 దాటించడం దానికి తేలిక. ఎదురు కిటికీ ఒకటి జానెడు తెరిచి ఉంచాలి, లేకపోతే గది ఉక్కపోత పట్టి బూజు వస్తుంది. ఫెలనాప్సిస్‌లను కూలర్‌కు ఎదురుగా కాక, గాలి తిరిగి వచ్చే పక్క గోడ దగ్గర పెట్టండి. నేరుగా తగిలే గాలికి, ఏసీ గాలికి కూడా, ముందు రాలేవి మొగ్గలే. తొట్టి నీళ్ళు రెండు రోజులకొకసారి మార్చండి.

వెలమెన్:

కూలర్ మంచి మాట. ఒక్క షరతు, అది పొడి ఎండల వరకే. మృగశిర కార్తె దాటి గాలిలో చెమ్మ వచ్చాక కూలర్ చల్లబరచదు, బూజు మాత్రం పెంచుతుంది.

నా సలహా: ఆరు ఫెలనాప్సిస్‌లనూ, ఆన్సిడియాన్నీ మే నెలాఖరు దాకా లోపలికి తెచ్చేయండి. తూర్పు కిటికీకి రెండడుగుల లోపు, పల్చటి తెర వెనక. చెయ్యి అడ్డం పెడితే నీడ మసకగా పడాలి, అంచులు స్పష్టంగా పడితే వెలుతురు ఎక్కువ. అన్నిటినీ పక్కపక్కనే, ఆకులు తగలకుండా గుంపుగా పెట్టండి, ఒకదాని చెమ్మ మరొకదానికి అందుతుంది. డెండ్రోబియంలు, వాండాలు గోనె పరదా వెనక బాల్కనీలోనే ఉండొచ్చు.

మొగ్గలున్న మొక్కను మాత్రం చోటు మార్చకండి, పూసి అయిపోయాక తెండి. బాల్కనీ 40 డిగ్రీల నుంచి ఏసీ 24కు ఒక్కరోజులో మారిస్తే మిగిలిన మొగ్గలూ పోతాయి.

ఆన్సిడియం మడత ఆకు ఇక సాపు కాదు. ఆకు పెరిగేటప్పుడు నీరు అందకపోతే అలా అంటుకుపోయి మడత పడుతుంది. ఆ కొత్త మొలక పక్కన వేర్లు రెండంగుళాలు వచ్చాక నీళ్ళు ఎండనివ్వకుండా పోస్తే, తరవాతి ఆకు సాపుగా వస్తుంది. ఆకుల వెనక వైపు భూతద్దంతో చూడండి, పొడిగాలికి ఎర్రనల్లి కూడా చేరుతుంది. సన్నటి బూడిదరంగు చుక్కలు, అతిసన్నని గూడు కనిపిస్తే తడి గుడ్డతో రెండు వైపులా తుడవడం వారానికి రెండుసార్లు, మూడు వారాలపాటు.

న్యూజెర్సీ కిటికీ:

ఇదే బాధ మాకు జనవరిలో. బయట 0 డిగ్రీలు, 80 శాతం తేమ ఉన్న గాలి ఇంట్లో 21 డిగ్రీలకు వేడెక్కితే 20 శాతానికి పడిపోతుంది. ఇక్కడ గదులు మూసే ఉంటాయి కాబట్టి హ్యూమిడిఫైయర్ పనిచేస్తుంది. అయితే ఇల్లంతా 60కి తేవాలని చూస్తే కిటికీ అద్దాల మీద నీళ్ళు కారి చెక్క ఫ్రేములు బూజు పడతాయి. ఇంటికి 40 చాలు. మొక్కలకు అద్దాల బీరువా ఒకటి, అందులో కంప్యూటర్ ఫ్యాను, 65 దగ్గర ఆగిపోయే కంట్రోలర్, డిస్టిల్డ్ వాటర్. వారానికోసారి ట్యాంకు వెనిగర్‌తో కడగడం మరవకండి, లోపలి జిగురు మొత్తం గాలిలోకే వస్తుంది.

పడమటి బాల్కనీ:

అందరికీ కృతజ్ఞతలు. నాలుగు ఫెలనాప్సిస్‌లకు కుండీలు మార్చాను, మిగతా రెండు కవర్లలో ఉన్నాయి. పడమర వైపు రెండో పొర, గోనెలు కట్టాక మధ్యాహ్నం 3కు 35 డిగ్రీలు, సరిచేసిన లెక్కలో 43 శాతం కనిపిస్తోంది. ఒక్క ప్రశ్న. ఈ ఏర్పాట్లన్నీ ఎప్పుడు తీసేయాలి?

ఉప్పుగాలి:

మొదటి గట్టి వాన పడ్డ మర్నాటి నుంచి మీటరు చూస్తూ ఉండండి. మీటరు తెల్లవారుజామున వరసగా మూడు రోజులు 70 దాటితే గోనెలు విప్పి ఎండలో ఆరబెట్టి మడిచేయండి, తడిసిన గోనె వానాకాలంలో బూజు గూడు. ట్రేలు ఖాళీ చేయండి, మట్టికుండీ గోడలు తడపడం మానేయండి. ఫ్యాను ఇరవైనాలుగు గంటలూ నడవనివ్వండి. ఫెలనాప్సిస్‌లు మళ్ళీ బాల్కనీకి తెచ్చినప్పుడు పైన పారదర్శక షీటు ఉండాలి, వాన నేరుగా మొవ్వులో పడకూడదు. అది కుదరకపోతే కుండీని కొంచెం పక్కకు వాల్చి పెట్టండి, నీరు తనంతట తనే కారిపోతుంది.

ఆకు మీద నీళ్ళు నిండిన మచ్చ కనిపించి, దుర్వాసన వస్తే అది బ్యాక్టీరియా కుళ్ళు. రేపు చూద్దామంటే ఆకు మొత్తం పోతుంది. మచ్చకు అంగుళం దూరంలో మంచి భాగంతో సహా కోసేసి, ప్రతి కోతకూ కత్తి కాల్చి, ఆ మొక్కను విడిగా పెట్టి, వారం రోజులు ఆకు తడవకుండా చూడండి. రాగి మందు చల్లే అలవాటు ఉంటే డెండ్రోబియంల మీద పడనివ్వకండి, వాటికి పడదు.

కవర్లలో ఉన్న రెండింటినీ మాత్రం వాన వచ్చిందని తొందరపడి తీయకండి. వేరు ఒకటిన్నర అంగుళం వచ్చాకే.